లేత జాగిలం - తొలి వేట

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో మొట్టమొదటిది శునకం. ఆవును కట్టుగొయ్యకు కట్టక పూర్వమే, గింజను నేలలో విత్తక పూర్వమే మనిషి కుక్కను వెంటబెట్టుకొని వేటకు వెళ్ళాడు. తెలుగువారు వేటకుక్కకు జాగిలమని అందమైన పేరు పెట్టుకొన్నారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నని వేట మన కావ్యాలలో ప్రసిద్ధమైన మృగయా ఘట్టాలు. అయితే కావ్యాలలో జాగిలం ప్రవేశించే నాటికే ఆరితేరినదై ఉంటుంది. గొలుసు విప్పిన మరుక్షణం అది లంఘిస్తుంది, మృగాన్ని నిలువరిస్తుంది. అదీ ఒకనాడు ఏమీ తెలియని కూనయేనని, తొలిసారి పొలంలో అడుగుపెట్టిననాడు ఏం చేయాలో తోచక దిక్కులు చూసిందని, దానికి ఆ విద్య అబ్బేదాకా ఒక మనిషి ఓపిక పట్టవలసి వచ్చిందని కవులు వర్ణించడం అరుదు. వర్ణించదగిన విషయం మాత్రం అదే.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదం కొరకు సాగే వేటను నిషేధించింది. మన మెట్టచేలలో పొద్దుటిపూట కూసే కౌజును వల పన్ని పట్టినా, తుపాకితో కొట్టినా నేరమే. కాబట్టి లేత జాగిలం వేట నేర్చే తీరును గమనించాలంటే, పక్షుల వేట నేటికీ చట్టబద్ధంగా, నియమాలకు లోబడి సాగుతున్న వ్యవసాయ ప్రాంతాన్ని చూడాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని దక్షిణ డకోటా అటువంటిది. ఆ రాష్ట్రపు తూర్పు భాగంలో కనుచూపు మేర మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు పరచుకొని ఉంటాయి. చేల నడుమ నీరు నిలిచే పల్లపు గుంటలు, వాటినిండా మనిషెత్తు జమ్ము. ఉత్తరపు చలిగాలిని ఆపడానికి రైతులు ఇళ్ళ చుట్టూ, గట్ల వెంట వరుసలుగా చెట్లు నాటుకొంటారు. శరత్కాలంలో కోతలు పూర్తయి చేలు బోడిపడినప్పుడు పక్షులన్నీ ఈ జమ్ములోను, గడ్డిలోను, చెట్ల వరుసలలోను తలదాచుకొంటాయి. వేటకాలం కూడా అప్పుడే మొదలవుతుంది.

ఇక్కడ వేటాడే పక్షి పేరు ఫెజెంట్. కోడి, నెమలి, కౌజు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానికి చెందినదే. పుంజుకు పచ్చగా మెరిసే తల, కన్నుల చుట్టూ ఎర్రని చర్మం, మెడచుట్టూ తెల్లని పట్టెడ, పొడవైన తోక ఉంటాయి. పెట్ట ఎండుగడ్డి రంగులో ఉండి, గడ్డిలో కదలక కూర్చుంటే రెండడుగుల దూరం నుండి కూడా కనబడదు. విచిత్రమేమంటే ఈ పక్షి అమెరికా ఖండానిది కాదు. దీని పుట్టిల్లు ఆసియా. షాంఘైలో అమెరికా కాన్సల్ జనరల్‌గా పనిచేసిన ఓవెన్ డెన్నీ 1881, 1882 సంవత్సరాలలో చైనా నుండి ఓడలలో ఈ పక్షులను పంపించాడు. మొదటి విడతవి చాలావరకు దారిలోనే చనిపోయాయి. రెండవ విడతవి ఆరెగాన్ రాష్ట్రంలో స్థిరపడ్డాయి. దక్షిణ డకోటాలో 1908 ప్రాంతంలో స్పింక్ కౌంటీలో విడిచిన పక్షులు నిలదొక్కుకొన్నాయి. 1919లో ఆ కౌంటీలో ఒక్కరోజు పాటు తొలి వేటకాలం ప్రకటించారు. 1943లో ఫెజెంట్ ఏకంగా రాష్ట్రపక్షి అయింది. చుట్టపుచూపుగా వచ్చిన పక్షి ఇంటి పెద్దరికం దక్కించుకొందన్నమాట.

చట్టం ప్రకారం పుంజులను మాత్రమే కొట్టాలి. అదీ ఒక్కొక్క వేటగాడు రోజుకు మూడింటికి మించకూడదు. పెట్టను చంపడం నేరం. ఒక పుంజు అనేక పెట్టలతో జతకడుతుంది గనుక పుంజులు కొన్ని తగ్గినా మరుసటి ఏటి సంతతి తగ్గదు. ఈ నియమం మనిషికి సంబంధించినదే గాని కుక్కకు సంబంధించినది కాదు. కుక్క ముక్కుకు పుంజూ పెట్టా ఒకటే పక్షి. ఈ సంగతి ముందు మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

పక్షుల వేటకు ఉపయోగించే కుక్కలు రెండు విధాలుగా పనిచేస్తాయి. స్పానియల్, లాబ్రడార్ వంటి జాతులు వేటగాడికి దగ్గరగా తిరుగుతూ పక్షిని గడ్డిలో నుండి లేపుతాయి. కూలిన పక్షిని నోట కరచుకొని తెచ్చి ఇస్తాయి. పాయింటర్, సెట్టర్ వంటి జాతులు పక్షి వాసన తగలగానే ఉన్నచోటనే శిలాప్రతిమలా నిలిచిపోతాయి. ముందుకాలు ఒకటి ముడుచుకొని, తోక బిగబట్టి, ముక్కును పక్షి ఉన్న దిక్కుకు సూటిగా నిలిపి, మనిషి వచ్చేదాకా కదలవు. పిల్లి ఎలుకపై దూకబోయే ముందు ఒక క్షణం ఆగుతుంది. కుక్కలోనూ సహజంగా ఉన్న ఆ విరామాన్ని, అది స్పష్టంగా ఉన్నవాటినే ఎంచి పెంచుతూ, తరతరాలుగా మనిషి క్షణాల నుండి నిమిషాలకు పొడిగించాడు. సెట్టర్ కుక్కల పూర్వీకులు తుపాకులు వాడుకలోకి రాకముందు పక్షుల ఎదుట నేలకు కరచుకొని పడుకొనేవి. వేటగాళ్ళు పక్షులపై వల విసిరేవారు. పనిముట్టు మారింది గాని కుక్క చేసే పని పెద్దగా మారలేదు.

అయితే ఈ స్తంభించే గుణం పుట్టుకతో వచ్చేదే గాని నేర్పితే వచ్చేది కాదు. దారానికి పక్షి రెక్క కట్టి ఆడిస్తే మూడు నెలల కూన కూడా దానికి ఎదురుగా కాలెత్తి నిలుస్తుంది. ఇంటికి వచ్చినవారికి యజమాని ఆ దృశ్యాన్ని చూపించి మురిసిపోతాడు. అది ముచ్చటే గాని విద్య కాదు. కూన అక్కడ చూస్తున్నది కంటితో. వేటపొలంలో పనికి వచ్చేది ముక్కు. ఆ కారణంగా అనుభవజ్ఞులైన శిక్షకులు రెక్క ఆటను నాలుగైదు సార్లకు మించి సాగనివ్వరు. మనిషి కూనకు నేర్పగలిగినవి నిజానికి కొద్దే: పేరు పెట్టి పిలిస్తే రావడం, ఆగమన్నచోట ఆగడం, పొలంలో యజమాని ఏ దిక్కుగా నడుస్తున్నాడో కనిపెట్టుకొని ఉండడం. వేసవి అంతా సుమారు ముప్పై అడుగుల తేలికైన తాడును మెడపట్టీకి తగిలించి, అది నేలపై ఈడ్చుకొంటూ తిరుగుతుండగా ఈ మూడింటినీ అలవాటు చేస్తారు. మిగిలినదంతా నేర్పవలసినది పక్షే.

ఇక్కడొక పెద్ద గండం ఉంది. అది తుపాకి చప్పుడు.

మహాభారతంలోని ఒక చిన్న కథ ఈ సందర్భంలో స్మరించదగినది. నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వంలోనూ అది ఉంది. జనమేజయ మహారాజు దీర్ఘసత్రయాగం చేస్తుండగా, దేవశుని అయిన సరమ కుమారుడు సారమేయుడు ఆడుకొంటూ యాగశాల వద్దకు వచ్చాడు. రాజు తమ్ములు ఆ కూనను కొట్టి తరిమారు. కూన ఏడుస్తూ తల్లితో చెప్పుకొంది. తాను హవిస్సును తాకలేదు, కనీసం దానివైపు చూడనైనా లేదు. సరమ రాజసభకు వచ్చి, తప్పు చేయని పసివానిని కొట్టినవారికి కారణం కనబడని భయాలు వచ్చి పడతాయని హెచ్చరించి వెళ్ళింది. జనమేజయుడంతటివాడు ఆ మాటకు కలతచెంది, శాంతి చేయించగల పురోహితుని వెదుక్కొంటూ వెళ్ళవలసి వచ్చింది.

తుపాకికి బెదిరిన వేటకుక్క స్థితి అచ్చంగా ఇటువంటిదే. తేడా ఒక్కటే: ఇక్కడ కారణం కనబడని భయం కొట్టినవారికి కాదు, కూనకే సంక్రమిస్తుంది. చప్పుడుకు బెదరడం చాలావరకు పుట్టుకతో వచ్చిన లోపం కాదు, మనిషి తొందరపాటు వల్ల కలిగేది. కూన బెదురుతుందో లేదో చూద్దామని ఒకరు దాని తలపైన తుపాకి పేలుస్తారు. మరొకరు పదిమంది వరుసగా కాలుస్తున్న చోటికి దానిని తీసుకువెళ్ళి నిలబెడతారు. ఆ ఒక్క పూటతో కూన బండి కిందకు దూరి వణకడం మొదలుపెడుతుంది. తరువాత తుపాకిని చూస్తేనే వణకుతుంది. ఇంకా తరువాత, తుపాకి పేలే చోట వినబడే పక్షి రెక్కల చప్పుడుకే తోక ముడుచుకొని వెనక్కి వస్తుంది. అప్పుడది పక్షికి కూడా బెదిరిన కుక్క అవుతుంది. ఆ భయాన్ని వదిలించడానికి నెలలు పడుతుంది. ఎంత శ్రమించినా వదలకపోవడమూ కలదు. పెట్టిన ఖర్చు, పడిన శ్రమ పోతే పోనీ. వేట కోసమే పుట్టినట్లున్న ప్రాణికి ఆ ఆనందం జీవితాంతం దూరమవుతుంది.

ఇందుకు విరుగుడు చాలా సులభం. కావలసినది నిదానమే. ఒక పావురాన్ని వదిలి కూనను తరమనిస్తారు. అది వెంటబడి నూరు గజాల దూరం వెళ్ళాక, దాని మనసంతా పావురం మీద ఉన్న క్షణంలో, బొమ్మ పిస్తోలు వంటి చిన్న చప్పుడు చేస్తారు. కూన చెవి కదిలిందా, అడుగు తడబడిందా అని వేరొక మనిషి గమనిస్తాడు. ఏ మార్పూ లేకపోతే మరునాడు కొంచెం దగ్గరగా, ఆ మరునాడు ఇంకొంచెం దగ్గరగా. ఏ మాత్రం సంకోచం కనబడినా ఆనాటికి ఆపి, మళ్ళీ దూరం నుండి మొదలుపెడతారు. కొన్ని వారాలకు కూన మనసులో ఒక లెక్క కుదురుతుంది: ఈ చప్పుడు వినబడితే పక్షి ఉన్నట్లు. భయానికి చోటు లేకుండా ఆ స్థానాన్ని ఆశ ఆక్రమిస్తుంది.

అక్టోబరు మూడవ శనివారం దక్షిణ డకోటాలో వేటకాలం ప్రారంభమవుతుంది. ఆనాడు అక్కడి ఊళ్ళలో తిరునాళ్ళ వాతావరణం ఉంటుంది. ఇతర రాష్ట్రాల నుండి బంధుమిత్రులు వస్తారు. పది పదిహేనుమంది వరుసగా నిలిచి మొక్కజొన్న చేను ఈ చివర నుండి నడుస్తారు, కొందరు ఆ చివర అడ్డుగా నిలబడతారు. మధ్యనున్న పక్షులు గుంపులుగా లేస్తాయి. తుపాకులు ఒక్కసారిగా మోగుతాయి. మనుషులకిది పండుగే గాని, ఏడు నెలల కూనను తేవడానికి ఇంతకంటె చెడ్డ దినం మరొకటి లేదు. వివేకం ఉన్న యజమాని ఆ వారం దానిని ఇంటివద్దనే ఉంచుతాడు. రెండు మూడు వారాలు గడిచి సందడి తగ్గాక, పనిదినం ఒకటి చూసుకొని, ముందుగా రైతు అనుమతి తీసుకొని బయలుదేరుతాడు. వెంట ఒక్కరే మిత్రుడు. తుపాకి ఆ మిత్రుని చేతిలో మాత్రమే ఉంటుంది. యజమాని చేతులు ఖాళీ. ఆ పూట అతనికి కూన తప్ప వేరే పని ఉండకూడదు.

గాలి ఎటునుండి వీస్తున్నదో మొదట చూస్తారు. ఎదురుగాలిలో నడిస్తేనే పక్షి వాసన కుక్క వైపు వస్తుంది. ఎండ తీవ్రంగా ఉండి గాలి పొడిగా ఉన్ననాడు వాసన నిలవదు. రాత్రి మంచు పడి గడ్డి చెమ్మగా ఉన్న చల్లని పూట అనుకూలం. కూనను పెద్ద జమ్ముగుంటలోకి వదలరు. అందులో అది మనిషికి కనబడదు, మనిషి దానికి కనబడడు. మోకాలెత్తు గడ్డి పెరిగిన చిన్న చెలక చాలు.

మొదటి పావుగంట కూన చేసే పనులు చూస్తే ఎవరికైనా నిరాశ కలుగుతుంది. మిడత వెంట పడుతుంది. ఎలుక కన్నం దగ్గర మట్టి తవ్వుతుంది. వెనక్కి పరుగెత్తి వచ్చి యజమాని కాళ్ళకు చుట్టుకొంటుంది. పేరు పెట్టి మాటిమాటికి పిలవాలని, ఇటు చూడు అటు పో అని చెప్పాలని యజమానికి నాలుక దురద పెడుతుంది. ఇక్కడే చాలామంది చెడగొడతారు. ఎడతెగక అరిచే మనిషి వెంట తిరిగిన కుక్క పక్షిని కాక మనిషి గొంతును వెదకడం నేర్చుకొంటుంది. నోరు మూసుకొని నడవడం యజమాని నేర్వవలసిన మొదటి పాఠం.

ఉన్నట్టుండి కూన తల ఒక పక్కకు తిరుగుతుంది. పరుగు నడక అవుతుంది. ముక్కు పైకెత్తి, గాలిలో ఉన్న సన్నని తీగను పట్టుకొన్నట్లు మెల్లగా ముందుకు సాగుతుంది. ఒక అడుగు ఎత్తి దించకుండా ఆగుతుంది. అది కూడా రెండు మూడు క్షణాలే. తరువాత ఆగలేక దూకుతుంది. రెక్కలు పెద్దగా టపటపలాడుతూ ఒక పెట్ట లేస్తుంది. కూన ప్రాణం పెట్టి దానిని తరుముతూ చేనుగట్టు దాటి పోతుంది.

ఈ ఘట్టంలో తుపాకి పేలదు. పెట్ట గనుక చట్టం ఎలాగూ ఒప్పుకోదు. పుంజు అయినా పేల్చరు, ఎందుకంటే కూన దూకి లేపిన పక్షిని కొడితే దూకడమే పని అని అది నేర్చుకొంటుంది. అలాగని తరిమినందుకు మందలించరు కూడా. తొలి పక్షిని తరిమినప్పుడు తిట్టు తిన్న కూన, పక్షి వల్లనే తిట్టు వచ్చిందని అర్థం చేసుకొంటుంది. సారమేయుని వలె దానికీ తాను చేసిన తప్పేమిటో తెలియదు. కొందరు విద్యుత్ మెడపట్టీతో దూరం నుండి చిన్న షాక్ ఇచ్చి కూనను ఆపజూస్తారు. పక్షి సమీపంలో, తొలి వేటకాలంలో, ఆ పరికరాన్ని వాడడం కంటె అవివేకం లేదు. కూన ఎగిరిపోయిన పక్షిని అందుకోలేక, నాలుక వేలాడేసుకొని, కళ్ళు మెరుస్తుండగా దానంతట అదే తిరిగి వస్తుంది. తరిమితే పక్షి దొరకదన్న సత్యాన్ని ఎగిరిపోయిన పక్షే బోధిస్తుంది. మనిషి చెప్పిన పాఠం కంటె అది గట్టిగా నాటుతుంది.

ఫెజెంట్ పుంజు గడుసుది. అపాయం పసిగట్టగానే ఎగరదు, తల వంచుకొని గడ్డిలో పరుగెత్తుతుంది. కూన స్తంభించి నిలుస్తుంది, మనిషి దగ్గరకు వచ్చేసరికి పక్షి అక్కడ ఉండదు. ఖాళీ చోటును చూపించిందని మనిషికి విసుగు. కాని కూన అబద్ధం చెప్పలేదు. క్షణం కిందటి దాకా పక్షి అక్కడ ఉంది. ఇటువంటివి అయిదారు జరిగాక కూన తనంతట తానే ఉపాయం కనిపెడుతుంది. నిలిచి, వాసన పలచబడగానే నాలుగడుగులు మెల్లగా కదిలి, మళ్ళీ నిలుస్తుంది. ఒక్కొక్కసారి చుట్టూ తిరిగి వెళ్ళి పక్షికి అవతలి వైపున నిలవడమూ ఉంది. పక్షి తప్పకుండా జమ్ములోకే పోయి ఉంటుందని మనిషి అనుకొంటాడు. కూన మాత్రం కోసిన మొక్కజొన్న మోళ్ళవైపు లాగుతుంది. అక్కడ మనిషి తన తర్కాన్ని పక్కన పెట్టి కూన వెంట నడవగలగాలి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఏడు నెలల ప్రాణి చెప్పింది వినడం కొంత కష్టమే.

ప్రాణిహింస వినోదమెట్లా అవుతుందన్న ప్రశ్న విద్యార్థికి కలగడం సహజం, కలగాలి కూడా. ఆ ప్రాంతంలో వేటాడిన ఫెజెంట్‌ను వండుకొని తింటారు, ఊరికే పారవేయడం తప్పుగా భావిస్తారు. అయినా ఆ ప్రశ్న పూర్తిగా తీరదు. వేట ఉన్నంతవరకు అందులోని బాధను తగ్గించేది మంచి కుక్క. గాయపడిన పుంజు నేలపై పడి, దట్టమైన గడ్డిలోకి పరుగెత్తి దాగితే మనిషి కంటికి ఎన్నటికీ దొరకదు. అది ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. వాసన పట్టి దానిని వెదికి తేగల కుక్క లేకుండా వేటకు వెళ్ళడం ఉత్తమ వేటగాళ్ళ దృష్టిలో అధర్మం. దక్షిణ డకోటా రైతులలో కుక్కను చూశాకనే అనుమతి ఇచ్చేవారు కూడా లేకపోలేదు.

చివరకు ఒక సాయంత్రం అన్నీ కుదురుతాయి. కూన నిలుస్తుంది. ఈసారి దూకదు. యజమాని నెమ్మదిగా పక్కకు వచ్చి మోకాలిపై కూర్చుని తాడు కొన పట్టుకొంటాడు. మిత్రుడు ముందుకు నడుస్తాడు. పుంజు కొక్కొక్కమని అరుస్తూ నిట్టనిలువుగా లేస్తుంది. ఒక్క గుండు, పక్షి నేలకూలుతుంది. ఈ మొదటి పక్షి విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. అది పూర్తిగా చనిపోయినదై ఉండాలి. కొనప్రాణంతో ఉన్న పుంజు కాలి ముల్లుతో గీరితే కూన జడుసుకొంటుంది. ఆ గీత మూతి మీద మానినా మనసులో మానదు. రెండవది, కూన దానిని నోట కరచుకొని వచ్చినప్పుడు లాక్కోకూడదు. కూనను దగ్గరకు తీసుకొని, మెడ నిమిరి, కొంతసేపు పక్షిని దాని నోటిలోనే ఉండనిచ్చి, అది తానుగా వదిలినప్పుడు అందుకోవాలి. లాక్కొన్నవారికి మరునాడు కూన పక్షిని తేదు, పట్టుకొని చేలో పరుగెత్తుతుంది.

ఆ పూట అక్కడితో ముగించాలి. ఇంకొక పక్షి దొరుకుతుందేమో అన్న ఆశ మనిషికి సహజం. కాని కూన ఎముకలు ఇంకా ముదరలేదు. ముప్పావుగంట పరుగు దానికి చాలా ఎక్కువ. ఇంకా కావాలని అది గునుస్తున్నప్పుడే బండి ఎక్కించాలి. ఎక్కించే ముందు ఒళ్ళంతా తడిమి చూడాలి. చేలగట్ల ముళ్ళకంచెలు చర్మం చీలుస్తాయి. కొన్ని గడ్డిజాతుల సన్నని ముళ్ళగింజలు ముక్కులోకి, చెవుల్లోకి, వేళ్ళ సందుల్లోకి దూరి లోలోపలికి పాకుతాయి. అక్టోబరు ఎండ కాసిన రోజున దాహంతో సొమ్మసిల్లే ప్రమాదముంది. డిసెంబరులో జమ్ముగుంటలపై పలుచగా కట్టిన మంచు పగిలి మునిగే ప్రమాదముంది.

ఇదంతా జరగడానికి పొలంలో పక్షులు ఉండాలి. పక్షులు లేని చేలో ఎంత మంచి జాతి కూనకైనా విద్య అబ్బదు. కోడిపిల్లల వలె ఫెజెంట్ పిల్లలు కూడా మొదటి వారాలలో పురుగులు తిని పెరుగుతాయి. పెట్ట గూడు పెట్టేది గడ్డిలో. ఈ రెండింటికీ గడ్డినేల కావాలి. 1985లో అమెరికా ప్రభుత్వం ఒక వ్యవసాయ చట్టం ద్వారా, కోతకు గురయ్యే నేలలను పది నుండి పదిహేనేళ్ళు దున్నకుండా గడ్డికి వదిలిన రైతులకు ఏటా అద్దె చెల్లించే ఏర్పాటు చేసింది. నేలను కాపాడడానికి చేసిన పని పక్షులను కాపాడింది. 2007లో దేశమంతటా అటువంటి భూమి 3 కోట్ల 68 లక్షల ఎకరాలకు చేరింది. ఆ తరువాత మొక్కజొన్న ధర పెరగడంతో అందులో చాలా భాగం తిరిగి నాగలి కిందకు వెళ్ళింది. గడ్డి తగ్గినచోట పక్షులు తగ్గాయి, కూనలను తిప్పడానికి చోటూ తగ్గింది.

జనవరి 31తో వేటకాలం ముగుస్తుంది. లెక్క చూస్తే తొలి ఏడు కూన ముందు కూలిన పక్షులు నాలుగో అయిదో ఉంటాయి, అది లేపి తరిమి పోగొట్టుకొన్నవి వాటికి పదిరెట్లు. అనుభవం ఉన్న యజమాని ఈ రెండవ అంకెనే ఎక్కువ లెక్కలోకి తీసుకొంటాడు. వసంతంలో పెట్టలు గూళ్ళు పెట్టే మాసాలలో దానిని గడ్డిలోకి వదలడు. ఆ రోజులలోనే పెరటిలో, పంజరపు పావురాలతో, పక్షి లేచినా, తుపాకి పేలినా కదలకుండా నిలిచే కట్టుబాటును నేర్పడం మొదలుపెడతాడు. అప్పటికి కూనకు పక్షి అంటే ఏమిటో తెలిసి ఉంటుంది గనుక, ఆగమన్న మాటకు అర్థం కూడా తెలుస్తుంది.